"చూడ్డానికి బాగానే ఉన్నావు కదా" అంటున్నారు. నాకు కావలసిన సాయం ఎవర్ని, ఏమని అడగాలి?

తూర్పుగాలి | సోమవారం, రాత్రి 10:40

నమస్తే అందరికీ. చాలా రోజులుగా ఇక్కడ చదువుతున్నాను, రాయడం ఇదే మొదలు.

నాకు ముప్పై ఆరేళ్లు. మూడేళ్ల కిందట మల్టిపుల్ స్క్లెరోసిస్ అని తేలింది, మెదడు, వెన్నుపాము నరాల మీది పొర దెబ్బతినే జబ్బు. నడుస్తాను, మాట్లాడతాను, మెట్లెక్కుతాను. అందుకే పైకి ఎవరికీ ఏమీ కనిపించదు. మధ్యాహ్నం రెండు దాటిందంటే మాత్రం ఒంట్లో ఉన్న సత్తువంతా ఒక్కసారిగా పోతుంది. పడుకుని లేస్తే తీరే అలసట కాదది. గది వేడెక్కితే ఎడమ కన్ను మసకబారుతుంది, కాళ్లు బరువెక్కుతాయి. చల్లబడ్డాక మళ్లీ మామూలే. పొద్దున చూసినవాళ్లు మధ్యాహ్నం సంగతి నమ్మరు.

ఆఫీసులో లిఫ్ట్ దగ్గర నిలబడితే "ఒక్క అంతస్తేగా" అంటారు. అమ్మేమో "కాస్త వ్యాయామం చెయ్యి, ఓపిక అదే వస్తుంది" అంటుంది. డాక్టరు గారు మందులు చూస్తారు, స్కాన్ చూస్తారు. పోయినసారి "స్కాన్ నిలకడగా ఉంది" అన్నారు. సంతోషమే. కానీ రోజు ఎలా గడుపుకోవాలో చెప్పేవాళ్లు ఇంతవరకూ ఒక్కరూ దొరకలేదు.

ధైర్యం చెప్పమని అడగడం లేదండీ, అది మావాళ్లు చెబుతూనే ఉన్నారు. రేపు పొద్దున పనికొచ్చేది కావాలి. ఎవర్ని అడగాలి? జబ్బు పేరు ఆఫీసులో చెప్పాలా, వద్దా? మీరేం చేశారో చెప్పండి.


కుడివైపు | సోమవారం, రాత్రి 11:20

తూర్పుగాలి గారూ, రాసి మంచిపని చేశారు.

నాకు ఎడమ చెవి బొత్తిగా వినిపించదు, కుడిది బాగా పనిచేస్తుంది. ఇద్దరమే కూర్చుని మాట్లాడుకుంటే మీరు గమనించను కూడా గమనించరు. పదిమంది ఉన్న గదిలో మాత్రం ఎవరు మాట్లాడుతున్నారో, మాట ఎటునుంచి వస్తోందో తెలియదు. దిక్కు తెలియాలంటే రెండు చెవులూ కావాలి మరి.

మొదట్లో "నాకు సరిగ్గా వినపడదు" అని చెప్పేవాణ్ణి. అందరూ అరిచి మాట్లాడేవారు. అరుపు నాకు ఎందుకూ పనికిరాదు, పైగా వినిపించే చెవికి నొప్పి. ఏళ్ల తరబడి ఇలాగే నడిచింది. తర్వాత వినికిడి పరీక్షించే ఒక ఆడియాలజిస్టు గారు నన్ను ఒక మాట అడిగారు: "అవతలివాళ్లు ఏం చేస్తే మీకు వినిపిస్తుంది?" ఆ ప్రశ్న అంతకుముందు నన్నెవరూ అడగలేదు, నేనూ వేసుకోలేదు. ఇప్పుడు "కొంచెం నా కుడిపక్కకి వచ్చి కూర్చుంటారా?" అంటాను. కారణం అడిగేవాళ్లు కూడా తక్కువ. వెంటనే లేచి వస్తారు.

మీటింగుల్లో గోడవారన ఎడమ మూల కుర్చీ నాది. అందరూ నా కుడివైపే ఉంటారు. ఫోన్‌లో మాటల్ని అప్పటికప్పుడు అక్షరాల్లో చూపించే సదుపాయం వాడతాను. క్రాస్ అనే రకం వినికిడి పరికరం కూడా ఉంది. చెవిటి వైపు శబ్దాన్ని పట్టి మంచి చెవికి పంపుతుంది. గోలగా ఉన్న చోట అది నాకు అంతగా కలిసిరాలేదు, నా స్నేహితుడికి మాత్రం బాగా కుదిరింది.


నిమ్మళం | మంగళవారం, ఉదయం 6:50

నేను ఆక్యుపేషనల్ థెరపిస్టుని. మీరు అడిగిన "రోజు ఎలా గడుపుకోవాలి" అన్నదే మా వృత్తి. చాలామందికి మేం ఉన్నామనే తెలియదు, చెయ్యి విరిగితేనో పక్షవాతం వస్తేనో పంపేవాళ్లం అనుకుంటారు. ఈసారి వెళ్లినప్పుడు మీ న్యూరాలజిస్టు గారిని "అలసటను సర్దుకోవడం నేర్పడానికి ఆక్యుపేషనల్ థెరపీకి రాసివ్వండి" అని ఆ మాటల్లోనే అడగండి. "నీరసంగా ఉంది" అంటే రక్తపరీక్షలు రాస్తారు. అవీ ఒకసారి చేయించుకోవాల్సినవే, కానీ మీకు కావలసిన సాయం అది కాదు.

ఆ లోపు ఒక పని మొదలుపెట్టండి. రెండు వారాలు ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. జబ్బు గురించి కాదు, పని గురించి రాయండి. ఏ పని, ఎన్నింటికి, ఎంతసేపటికి ఆగిపోయింది, ఆగినప్పుడు చుట్టూ ఏముంది (వేడి, గోల, నిలబడి ఉండటం), ఎంతసేపటికి తేరుకున్నారు. అంతే. మంచిరోజు కూడా తప్పకుండా రాయండి. చెడ్డరోజులే రాస్తే చదివేవాళ్లు నమ్మరు, మీకూ తేడా ఎక్కడుందో దొరకదు.

ఇబ్బందిని ఎలా చెప్పాలో తోచకపోతే ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారుచేసిన వూడాస్ 2.0 అనే ప్రశ్నావళి చూడండి. అందులో 12 ప్రశ్నల చిన్నరూపం ఉంది. గత 30 రోజుల్లో అరగంట నిలబడటం ఎంత కష్టమైంది, కిలోమీటరు నడవడం ఎంత కష్టమైంది, పది నిమిషాలు ఒక పని మీద మనసు పెట్టడం ఎంత కష్టమైంది, ఇలా అడుగుతుంది. జబ్బు పేరు అడగదు. అదే దాని గొప్ప. మూర్ఛ ఉన్నా, కీళ్లవాతం ఉన్నా, దిగులు జబ్బు ఉన్నా ఒకటే కొలత. నింపి డాక్టరు చేతిలో పెడితే ఐదు నిమిషాల్లో మీ నెల మొత్తం ఆయన కళ్లముందు ఉంటుంది.

ఇక వేడి సంగతి. అది మీ ఊహ కాదు. 1890లో ఊట్‌హోఫ్ అనే జర్మన్ కంటి వైద్యుడు ఈ జబ్బు ఉన్నవాళ్లకి ఒళ్లు అలిసినప్పుడు చూపు తగ్గి మళ్లీ రావడం గమనించి రాశాడు. ఆయన పేరుతోనే ఇప్పటికీ పిలుస్తారు. నరాల మీది మైలిన్ పొర దెబ్బతిన్న చోట ఒంటి వేడి కొద్దిగా పెరిగినా సంకేతం నిలిచిపోతుంది, చల్లబడితే మళ్లీ కదులుతుంది. దానివల్ల కొత్తగా నరం పాడవదు. అమ్మగారికి ఈ ముక్క చదివి వినిపించండి.


అలల అంచు | మంగళవారం, ఉదయం 9:05

అందరూ చెప్పమనే అంటారు కాబట్టి నేను రెండో వైపు చెబుతాను. ఆఫీసులో చెప్పకండి.

నాకు అల్సరేటివ్ కొలైటిస్, పెద్దపేగు వాచి పుండ్లు పడే జబ్బు. ముదిరినప్పుడు రోజుకి పన్నెండు పదిహేనుసార్లు బాత్రూమ్‌కి పరుగెత్తాలి, ఒక్క నిమిషం కూడా ఆపుకోలేను. తగ్గినప్పుడు నెలల తరబడి ఏమీ ఉండదు. పాత ఉద్యోగంలో పైవాళ్లకి నమ్మకంతో అన్నీ వివరంగా చెప్పాను. జాలిగా విన్నారు. రెండు నెలలు తిరక్కుండా ప్రయాణాలున్న పనులన్నీ నా దగ్గర్నుంచి తీసేశారు. "నీ మంచికే" అన్నారు. ఆ ఏడాది ప్రమోషన్ నాకంటే వెనకొచ్చినవాడికి వచ్చింది. నేను వద్దన్నది ఒక్క ప్రయాణం కూడా లేదు.

ఇప్పటి చోట ఎవరికీ తెలియదు. బాత్రూమ్ దగ్గరి సీటు "నాకిక్కడ బాగుంది" అని తీసుకున్నాను. సంచిలో మార్చుకునే బట్టలు ఎప్పుడూ ఉంటాయి. కొత్త చోటికి వెళ్తే ముందు బాత్రూమ్ ఎక్కడో చూసుకుంటాను. ఎవరి దయా అక్కర్లేదు.


పాతఫైలు | మంగళవారం, మధ్యాహ్నం 1:30

అలల అంచు అన్నా, మీకు జరిగింది అన్యాయం. నేను పదిహేనేళ్లుగా సిబ్బంది వ్యవహారాల విభాగంలో ఉన్నాను, ఇలాంటివి బల్లకి అవతలివైపు నుంచి చూశాను. అడక్కుండా పనులు తీసెయ్యడం సాయం కాదు, వివక్షే. మీరు బాధతో చెప్పిన సలహాని తప్పు పట్టను. కాకపోతే చెప్పడం, చెప్పకపోవడం అని రెండే దారులు లేవు. ఎంత చెప్పాలి అన్నది మన చేతిలో ఉంది.

ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందం 2008లో అమల్లోకి వచ్చింది. దాని రెండో అధికరణంలో రీజనబుల్ అకామడేషన్ అనే మాట ఉంది, తెలుగులో తగిన వెసులుబాటు అనుకోండి. యజమానికి మోయలేని భారం కాని మార్పు చేసిపెట్టడం, ఆ మనిషి మిగతావాళ్లతో సమానంగా పని చేసుకోవడానికి. ఆ వెసులుబాటు నిరాకరించడం కూడా వివక్షే అని అందులోనే రాసి ఉంది. ఒప్పందంలో ఎక్కడా వైకల్యం కంటికి కనిపించాలనే షరతు లేదు. దీర్ఘకాలం ఉండే లోపం, దానికి అడ్డుపడే పరిస్థితులు, ఈ రెండూ కలిసినప్పుడు వచ్చేదే వైకల్యం అంటుంది. మీరున్న దేశం చట్టంలో ఇది ఏ పేరుతో ఉందో చూసుకోండి, ఉత్తరంలో ఆ పేరే వాడండి.

నా దగ్గరికి వచ్చే ఉత్తరాల్లో పని జరగనివి ఎలా ఉంటాయంటే: మూడు పేజీల ఆస్పత్రి కాగితాలు, పైన "దయచేసి నా పరిస్థితి అర్థం చేసుకోగలరు" అని ఒక ముక్క. అర్థం చేసుకుంటాను. కానీ నేను దేనిమీద సంతకం పెట్టాలి? పని జరిగేవి ఇలా ఉంటాయి:

"నాకు దీర్ఘకాలిక నరాల సమస్య ఉంది. వైద్యుల ధ్రువీకరణ జతచేశాను. మధ్యాహ్నం రెండు తర్వాత, వేడిగా ఉన్న గదిలో నా పనివేగం తగ్గుతోంది. గంట ముందు వచ్చి గంట ముందు వెళ్లడానికి, ముఖ్యమైన మీటింగులు ఉదయం పెట్టుకోవడానికి, ఏసీ దగ్గర సీటుకి అనుమతి కోరుతున్నాను. మూడు నెలలు చూసి మళ్లీ మాట్లాడుకుందాం."

జబ్బు పేరు లేదు. ఏం కావాలో ఉంది, ఎప్పటిదాకానో ఉంది. ఆ చివరి వాక్యం చాలా పనిచేస్తుంది. శాశ్వతంగా ఒప్పుకోవడానికి జంకేవాళ్లు మూడు నెలలకి ఒప్పుకుంటారు. నోటిమాటగా ఒప్పుకున్నారా, ఆ సాయంత్రమే "ఈరోజు మనం అనుకున్నది ఇదీ" అని మెయిల్ పెట్టండి. మేనేజర్లు మారిపోతారు, మెయిల్ ఉంటుంది.


అలల అంచు | మంగళవారం, మధ్యాహ్నం 2:10

ఆ మెయిల్ సంగతి నాకు అప్పుడు తెలియలేదు. తెలిసుంటే బాగుండేది. అయినా నేనిప్పట్లో నోరు విప్పను. కానీ తూర్పుగాలి గారు ఈ పద్ధతిలో అడుగుతానంటే వద్దనను.


మేఘమాల | మంగళవారం, సాయంత్రం 7:45

చెప్పకుండా ఉండే వీలే లేనివాళ్లం కొందరం ఉన్నాం. నాకు మూర్ఛ ఉంది. సినిమాల్లో చూపించినట్టు ప్రతిసారీ కిందపడి కొట్టుకోను. ఎక్కువసార్లు ఒక నిమిషంపాటు శూన్యంలోకి చూస్తూ ఉండిపోతాను, పెదాలు కదులుతాయి, పిలిస్తే పలకను. తెలియనివాళ్లు పొగరనుకుంటారు, మత్తులో ఉన్నాననుకుంటారు. ఒకసారి బస్సులో ఒకాయన నా భుజం పట్టుకుని కుదిపేశాడు. స్పృహలోకి వచ్చేటప్పటికి చుట్టూ జనం, అందరి మొహాల్లో కోపం. ఇప్పటికీ తలుచుకుంటే వణుకు వస్తుంది.

అందుకే నా పక్క సీట్లో ఉండే ఇద్దరికి మాత్రం చెప్పాను. టైము చూడండి. చుట్టూ గుచ్చుకునేవి ఉంటే తీసెయ్యండి. పడితే తలకింద మెత్తగా ఏదైనా పెట్టండి, కుదుపులు ఆగాక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి, గట్టిగా పట్టుకోకండి. ఐదు నిమిషాలు దాటితే అంబులెన్స్ పిలవండి. ఇదంతా ఒక చీటీ మీద రాసి ఇచ్చాను. ఫోన్ లాక్ తియ్యకుండానే కనిపించే అత్యవసర సమాచారంలో మందుల పేర్లు, అక్క నంబరు పెట్టాను. తూర్పుగాలి గారూ, ఈ పని మీరూ ఈ రాత్రే చేసుకోండి, రెండు నిమిషాలు పడుతుంది.

ఆఫీసు నుంచి నేను అడిగింది ఒక్కటే, రాత్రి షిఫ్ట్ వద్దని. నిద్ర తప్పితే నాకు మూర్ఛ వస్తుంది. డాక్టరు గారు ఆ ఒక్క వాక్యమే రాసిచ్చారు, అదే సరిపోయింది.


నీలిగోడ | బుధవారం, ఉదయం 5:30

నేను రోగిని కాను, భార్యని. రోడ్డు ప్రమాదంలో మా ఆయన తలకి దెబ్బ తగిలి ఐదేళ్లయింది. గాయం మానింది, జుట్టు వచ్చేసింది, మచ్చ కూడా కనపడదు. మతిమరుపు, చికాకు, గోల పడకపోవడం మిగిలాయి. క్యూలో నిలబడితే పది నిమిషాల్లో తల పట్టుకుని కూర్చుంటారు. "పెద్దమనిషి, చూడ్డానికి ఇంత బలంగా ఉన్నాడు, ముందుకి ఎందుకు పంపాలి" అని వెనకనుంచి వినిపిస్తుంది.

విమానాశ్రయాల్లో మాకు పొద్దుతిరుగుడు పూల పట్టీ చాలా ఉపయోగపడింది. ఆకుపచ్చ మెడపట్టీ మీద పసుపుపచ్చ పూలు ఉంటాయి. 2016లో లండన్ దగ్గరి గాట్విక్ విమానాశ్రయంలో మొదలైంది, ఇప్పుడు చాలా దేశాల విమానాశ్రయాల్లో గుర్తిస్తున్నారు. వేసుకుంటే పైకి కనిపించని వైకల్యం ఉందని, కాస్త టైము కావాలని సిబ్బందికి తెలుస్తుంది. జబ్బేమిటో చెప్పనక్కర్లేదు. దానంతట అది క్యూ దాటించదు, ఆ సంగతి ముందే తెలుసుకోవాలి. శిక్షణ లేని సిబ్బంది ఉన్న చోట అది ఉత్త పట్టీయే. టికెట్ కొన్నప్పుడే సాయం కావాలని రాయించుకోవడం ఎటూ తప్పదు.

తోడుండే మనిషికి కూడా సాయం కావాలని ఎవరికీ తట్టదు. వారానికి ఒక్క సాయంత్రం మా మరిది వచ్చి ఆయన దగ్గర కూర్చుంటాడు. అది కూడా నేను "ఎప్పుడైనా రా" అన్నంతకాలం రాలేదు. "ప్రతి గురువారం ఆరింటికి రా, ఎనిమిదింటికి వెళ్లిపో" అన్నాక ఒక్క వారం తప్పలేదు.


సగం దీపం | బుధవారం, రాత్రి 9:15

తూర్పుగాలి గారి అమ్మగారి మాట దగ్గర ఒకటి చెప్పాలి. నాకు ఎంఈ/సీఎఫ్‌ఎస్, విశ్రాంతితో తీరని దీర్ఘకాలిక అలసట జబ్బు. వ్యాయామం చెయ్యి, రోజురోజుకీ పెంచు అని డాక్టర్లే చెప్పారు. చేశాను. మంచాన పడ్డాను. శక్తికి మించి ఏం చేసినా ఒకటి రెండు రోజుల తర్వాత దెబ్బ తీస్తుంది ఈ జబ్బు. 2021లో బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ వాటిని మార్చి, అలా ముందే లెక్కకట్టి పెంచుకుంటూపోయే వ్యాయామం ఈ జబ్బుకి ఇవ్వకూడదని రాసింది. దయచేసి ఎవరు చెప్పినా ఒంటిని తోసుకుంటూ వెళ్లకండి.


నిమ్మళం | బుధవారం, రాత్రి 10:00

సగం దీపం గారు తన జబ్బు గురించి చెప్పింది అక్షరాలా నిజం. తూర్పుగాలి గారి విషయం వేరు, అందుకే కలపకూడదు. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో కొలత ప్రకారం చేసే వ్యాయామం అలసటని తగ్గిస్తుంది. చల్లటి వేళ, చల్లటి చోట, మధ్యలో ఆగుతూ చెయ్యాలి. నీళ్లలో చేసేది చాలామందికి పడుతుంది. కాబట్టి అమ్మగారి మాటలో సగం సరైనదే, ఎప్పుడు, ఎలా అన్నదే ఆవిడకి తెలియదు. ఒకే "అలసట" అన్న పదం కింద రెండు జబ్బులకి రెండు వైద్యాలు. పక్కవాళ్ల సలహా తీసుకునేముందు వాళ్ల జబ్బేదో అడగండి.

ఇంకొక్కటి. పనిని కూర్చుని చెయ్యగలిగితే కూర్చునే చెయ్యండి. అలిసిపోయాక తీసుకునే విశ్రాంతి కంటే అలిసిపోకముందు తీసుకునే పది నిమిషాలు ఎక్కువ పనిచేస్తాయి. మీకు రెండింటికి కుప్పకూలినట్టు అవుతుంటే పన్నెండున్నరకే కళ్లు మూసుకుని పడుకోండి. అప్పుడు బాగానే ఉంటారు, అందుకే ఎవరూ ఆగరు.


తూర్పుగాలి | నాలుగు వారాల తర్వాత, ఆదివారం, ఉదయం 11:10

అందరికీ నమస్కారం. ఏమైందో చెప్పకుండా ఉండలేకపోయాను.

నోట్‌బుక్ రాశాను. నేను రెండింటికి అలిసిపోతున్నానని అనుకున్నాను కదా. నిజానికి పదకొండింటికి కిటికీ పక్క ఎండ పడే గదిలో గంటన్నర మీటింగ్ ఉన్న రోజుల్లోనే అలా అవుతోంది. అది లేని రోజుల్లో నాలుగు దాకా లాగుతున్నాను. మూడేళ్లలో ఇది నాకే తెలియలేదు.

పాతఫైలు గారి ఉత్తరాన్ని నాకు తగ్గట్టు మార్చి రాశాను. సీటు మార్చారు, మీటింగ్ గది మార్చారు, రెండూ ఒక్క వారంలో అయ్యాయి. గంట ముందు వెళ్లడానికి మాత్రం ఒప్పుకోలేదు, "మిగతావాళ్లూ అడుగుతారు" అన్నారు. మూడు నెలల తర్వాత మళ్లీ మాట్లాడదామని మెయిల్‌లో రాయించుకున్నాను. జబ్బు పేరు చెప్పలేదు. ఒక్కరు అడిగారు, "డాక్టరు గారి కాగితంలో కావలసినంత ఉంది" అన్నాను. గుండె దడదడలాడింది కానీ అన్నాను.

వూడాస్ నింపి ఇస్తే డాక్టరు గారు చాలాసేపు చూశారు. "ఇది ముందెప్పుడూ చెప్పలేదేం?" అన్నారు. చెప్పాను, నీరసం అని చెప్పాను. థెరపీకి రాసిచ్చారు, వచ్చే మంగళవారం మొదటిసారి వెళ్తున్నాను.

అమ్మకి ఊట్‌హోఫ్ గారి సంగతి చదివి వినిపించాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే ఐదున్నరకి నన్ను లేపి "ఇప్పుడు చల్లగా ఉంది, నడుద్దాం పద, నువ్వు ఆగమన్నప్పుడు ఆగుతాను" అంది. రోజూ నడుస్తున్నాం.

లిఫ్ట్ దగ్గర ఇంకా అంటూనే ఉన్నారు. దానికి నా దగ్గర జవాబు లేదు.


కుడివైపు | ఆదివారం, ఉదయం 11:45

లిఫ్ట్ దగ్గర "నాకు మెట్లు పడవు" అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి అక్కా. రెండోసారి అడిగినా అదే వాక్యం. వివరం పెరిగేకొద్దీ వాదన పెరుగుతుంది.


వెన్నెలవాకిలి | ఆదివారం, మధ్యాహ్నం 12:30

నేను కొత్త. మొత్తం చదివాను. నలభై ఒకటో ఏట నాకు ఏడీహెచ్‌డీ (ఒక పని మీద ధ్యాస నిలవని సమస్య) అని చెప్పారు. నా నోట్‌బుక్ నేనే ఎక్కడో పెట్టి మర్చిపోతాను. రెండు వారాలు రాయడం నావల్ల అవుతుందనిపించడం లేదు. నాలాంటివాళ్లకి వేరే దారేమైనా ఉందా?


నిమ్మళం | ఆదివారం, మధ్యాహ్నం 1:05

ఉంది. రాయకండి, ఫోన్‌లో చెప్పండి. రోజుకి మూడు అలారాలు పెట్టుకుని, మోగినప్పుడల్లా ఇరవై సెకన్లు మాట్లాడి రికార్డ్ చెయ్యండి: ఇప్పుడు ఏం చెయ్యాలి, ఏం చేస్తున్నాను, ఏది అడ్డుపడింది. రెండు వారాలు వద్దు, నాలుగు రోజులు చాలు. ఐదో రోజు మీ ఇంట్లోవాళ్లనో స్నేహితుల్నో పక్కన కూర్చోబెట్టుకుని వినండి. వాళ్లు ఏమీ చెయ్యక్కర్లేదు, పక్కన ఉంటే చాలు. మనిషి పక్కన ఉన్నప్పుడు పని సాగడం మీలో చాలామందికి అనుభవమే. ఆఫీసులో అడగడానికి ముందు ఒక్కటే ఎంచుకోండి. నోటితో చెప్పిన పనులన్నీ మెసేజ్‌లో కూడా పంపమనడం చాలామందికి మొదటి మెట్టుగా కుదిరింది.


వెన్నెలవాకిలి | ఆదివారం, మధ్యాహ్నం 1:20

మొదటి అలారం ఇప్పుడే పెట్టాను. నాలుగింటికి.